కోడ్‌ల మధ్య 140 గీతలు గీశాను, ఏది ఎందుకు గీశానో చెప్పలేకపోతున్నాను

మూడో_ఛాప్టర్
రాత్రి డ్యూటీ చేసే నర్సుల మీద నా పీహెచ్‌డీ. 24 ఇంటర్వ్యూలు, 61 కోడ్‌లు (నర్సుల మాటలకి విషయాన్ని బట్టి నేను తగిలించిన పేర్లు). రెండు నెలలుగా అట్లాస్ టీఐ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో నెట్‌వర్క్, అంటే కోడ్‌ల మధ్య సంబంధాల బొమ్మ, వేస్తూ కూర్చున్నాను. కోడ్ పక్కన కోడ్ పెట్టడం, మధ్యలో గీత లాగడం, ఏదో ఒక సంబంధం పేరు ఎంచుకోవడం. నిన్న మా గైడ్ మేడమ్‌కి స్క్రీన్ తెరిచి చూపించాను. ఆవిడ ఒక బాణం మీద వేలు పెట్టారు. 'నిద్రలేమి' నుంచి 'మందుల పొరపాటు'కి వెళ్ళే బాణం. "ఇది నర్సులు చెప్పారా, నువ్వు అనుకున్నావా?" అని అడిగారు. నోట మాట రాలేదు. ఇంకో బాణం అడిగారు. దానికీ అంతే.

గీసిన రోజు కారణం ఉండే ఉంటుంది. ఇప్పుడు అదేమిటో గుర్తు లేదు. మొత్తం 140 లింకులు ఉన్నాయి. మీరంతా కోడ్‌ల మధ్య సంబంధాన్ని ఎలా రాసిపెట్టుకుంటారు? కారణం, ఆధారం రాసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌లోనే చోటు ఉందా, లేక పక్కన వేరే ఫైల్ పెట్టుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది, వచ్చే నెల ప్రోగ్రెస్ రివ్యూ.

పచ్చ_హైలైటర్
140లో 'సంబంధం ఉంది' అనే రకం ఎన్ని? అట్లాస్‌లో అందరి చేయీ ముందు దాని మీదికే పోతుంది.

మూడో_ఛాప్టర్
ఇప్పుడే లింక్ మేనేజర్ తెరిచి లెక్కపెట్టాను. 97.

పచ్చ_హైలైటర్
అనుకున్నా. అంటే పేరు పెట్టినవి 43. ముందు ఆ 43తో మొదలుపెట్టండి, ధైర్యం వస్తుంది.

గళ్ళనోట్‌బుక్
నేనైతే 97తోనే మొదలుపెట్టమంటాను. 'సంబంధం ఉంది' అనేది జవాబు కాదు, వాయిదా. ఏదో ఉందని అనిపించిన చోట వేలు పెట్టి, తర్వాత చూద్దామని వదిలేసిన గుర్తు అది. ఆ 97లోనే మీ మూడో అధ్యాయం ఇరుక్కుని ఉంది.

చోటు విషయానికొస్తే, ఉంది. నెట్‌వర్క్‌లో గీత మీద రైట్ క్లిక్ చేస్తే కామెంట్ రాసుకోవచ్చు. కోడ్‌కి కామెంట్ ఉన్నట్టే లింకుకీ సొంత కామెంట్ ఉంటుంది. ఇది తెలియక చాలామంది గీతలు గీసి ఊరుకుంటారు. నేను ప్రతి లింకు కింద నాలుగు ముక్కలు రాస్తాను: ఎవరి మాట, ఏ కోటేషన్ (ట్రాన్స్‌క్రిప్ట్‌లో కోడ్ చేసిన ముక్క), ఏ తేదీన గీశాను, ఏది కనిపిస్తే ఈ గీత చెరిపేస్తాను. నాలుగోది రాయడమే అన్నిటికన్నా కష్టం. అది రాయలేకపోయానంటే ఆ గీత మీద నాకే నమ్మకం లేదన్నమాట.

మూడో_ఛాప్టర్
"ఎవరి మాట" అంటే? ఇంటర్వ్యూ నంబరా?

గళ్ళనోట్‌బుక్
నంబరు ఎటూ రాస్తాం. దానికి ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. "నిద్ర లేకపోయేసరికి డోసు తప్పు చూశానండీ" అని నర్సే అంటే, ఆ బాణం ఆవిడది. ఆవిడ నిద్ర సంగతి ఒక చోట, పొరపాటు సంగతి ఇంకో చోట చెప్పి, రెంటినీ మీరు కలిపితే ఆ బాణం మీది. రెండూ పనికొచ్చేవే. థీసిస్‌లో మాత్రం మొదటిదాన్ని "నర్సులు ఇలా వివరించారు" అని రాయాలి, రెండోదాన్ని "నా విశ్లేషణలో" అని రాయాలి. బొమ్మలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మీరు నిన్న తడబడ్డారు.

అట్లాస్‌లో కొత్త సంబంధం రకాలు మనమే తయారు చేసుకోవచ్చు. 'కారణం, వాళ్ళ మాట' అని ఒకటి, 'కారణం, నా ఊహ' అని ఒకటి పెట్టి, రెండో దానికి వేరే రంగు ఇవ్వండి. నెట్‌వర్క్ తెరవగానే ఎవరి గీతలు ఎన్నో కంటికి తెలిసిపోతుంది.

మెమోలమనిషి
+1. రంగు చిట్కా నేనూ వాడతా.

వినేవాడు
నాది వేరే అభిప్రాయం. 24 ఇంటర్వ్యూలకి 140 లింకులంటే సమస్య ఎలా రాసుకోవాలన్నది కాదు, ఎప్పుడు గీయాలన్నది. సాఫ్ట్‌వేర్‌లో గీత లాగడం చాలా సులువు. మౌస్ ఇటు నుంచి అటు జరిపితే సిద్ధాంతం పుట్టినట్టు అనిపిస్తుంది. నేను మొదటి పది ఇంటర్వ్యూల దాకా ఒక్క లింకూ గీయను. మెమో, అంటే నా ఆలోచనల నోట్, రాస్తాను. "ఈవిడ నిద్ర గురించి మాట్లాడినప్పుడల్లా వెంటనే డాక్టరు మాట ఎత్తుతోంది, ఎందుకు?" ఇలా వాక్యంగా రాస్తాను. వాక్యానికి కర్త, క్రియ ఉండాలి. గీతకి అవసరం లేదు.

మెమోలమనిషి
వినేవాడు గారు చెప్పింది సగం ఒప్పుకుంటా. మెమో రాయాల్సిందే. కానీ 80 మెమోలు అయ్యాక ఏ వాక్యం ఏ మెమోలో ఉందో వెతకడానికి నాకు ఒక రోజు పట్టింది. లింకు ఉంటే 'నిద్రలేమి' కోడ్ దగ్గర నిలబడి దానికి ఏమేం తగిలించానో ఒక్క చూపులో చూడొచ్చు. వాక్యాన్ని మెమోలో రాయండి, దాని చిరునామా లింకులో పెట్టండి.

వినేవాడు
చిరునామాగా అయితే సరే. నా అభ్యంతరం బొమ్మనే ఫలితం అనుకోవడం మీద.

నోడ్_నుంచి_వచ్చా
నేను ఎన్‌వివో మనిషిని, అదీ అట్లాస్ లాంటి సాఫ్ట్‌వేరే. మూలప్రశ్నకి ఎన్‌వివోలో మంచి జవాబు ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అందులో రిలేషన్‌షిప్ అనేది ఉత్త గీత కాదు, కోడ్‌లాగే ప్రాజెక్టులో ఒక వస్తువు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రకం అని మూడూ చెప్పి సేవ్ చేస్తాం. రకంలో దిశ కూడా ఉంటుంది: దిశ లేనిది, ఒకవైపు బాణం, రెండువైపులా బాణం. అసలు విషయం ఆ తర్వాత ఉంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లోని వాక్యాన్ని పట్టుకుని ఆ రిలేషన్‌షిప్‌కే కోడ్ చేయొచ్చు. అంటే ఆధారం నేరుగా గీతకే అతుక్కుంటుంది. తర్వాత ఆ రిలేషన్‌షిప్ తెరిస్తే అన్ని ఇంటర్వ్యూల నుంచి వచ్చిన మాటలూ వరుసగా కనిపిస్తాయి. తెరిచినప్పుడు ఖాళీగా ఉంటే అది మన ఊహ అని వెంటనే తెలుస్తుంది.

నా పని మంచాన పడ్డ పెద్దవాళ్ళని ఇంట్లో చూసుకునే వాళ్ళ మీద. 'డబ్బు ఇబ్బంది' నుంచి 'తోబుట్టువుల మధ్య దూరం'కి బాణం పెట్టాను. నాకు అది పట్టపగలులా స్పష్టం. ఆధారాలు కోడ్ చేయడం మొదలుపెడితే ఆరు మాటలు దొరికాయి. అందులో నాలుగు తిరగబడి ఉన్నాయి. ముందు దూరం వచ్చింది, ఆ తర్వాత డబ్బు పంపడం ఆగింది. ఒకావిడ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మాటలు ఆగినాక మనియార్డర్ ఆగింది గానీ, మనియార్డర్ ఆగి మాటలు ఆగలేదమ్మా." బాణం తిప్పాల్సి వచ్చింది. ఆధారం గీతకి కట్టి ఉండకపోతే నేను తప్పు దిశతోనే అధ్యాయం రాసేసేదాన్ని.

మూడో_ఛాప్టర్
ఆ మాట చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. అట్లాస్‌లో లింకుకి కోటేషన్ కోడ్ చేయలేం కదా?

నోడ్_నుంచి_వచ్చా
నేరుగా కుదరదు. మా టీమ్‌లో అట్లాస్ వాడే అమ్మాయి మధ్యలో ఒక అదనపు కోడ్ పెడుతుంది. 'లింకు: నిద్రలేమి నుంచి పొరపాటు' అని పేరు, ఆధారాలన్నీ దానికి కోడ్ చేస్తుంది. కోడ్‌ల సంఖ్య పెరుగుతుంది, అందుకని వాటిని ఒక గ్రూపులో వేసి పక్కన పెడుతుంది.

డేటాబేస్_బాబాయ్
ఆ పద్ధతికి ఇంకో లాభం కూడా ఉంది. అట్లాస్‌లో రెండు కోడ్‌ల మధ్య ఒకసారికి ఒక సంబంధమే పడుతుంది. 'నిద్రలేమి' పొరపాటుకి కారణం అని ఒకరూ, దానికి విరుద్ధమని ఇంకొకరూ చెబితే రెండు గీతలు గీయలేరు. మధ్యలో కోడ్ ఉంటే దారి దొరుకుతుంది.

ఇంకొకటి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అట్లాస్‌లో కోడ్‌ల మధ్య లింకు ఆ బొమ్మకి మాత్రమే చెందినది కాదు, ప్రాజెక్టు మొత్తానికీ చెందినది. ఒక నెట్‌వర్క్‌లో గీశారంటే, ఆ రెండు కోడ్‌లూ ఉన్న ప్రతి నెట్‌వర్క్‌లోనూ ఆ గీత కనిపిస్తుంది. ఒక చోట తెంపితే అన్ని చోట్లా తెగిపోతుంది. బొమ్మ శుభ్రంగా కనిపించాలని గీతలు తీసేస్తుంటారు చూడండి, అలా చేయకండి. కోడ్‌ని ఆ నెట్‌వర్క్‌లోంచి తీసేస్తే చాలు, లింకు భద్రంగా ఉంటుంది.

మూడో_ఛాప్టర్
అయ్యో. గత వారం ప్రెజెంటేషన్ కోసం "శుభ్రం" చేశాను. అయితే 140 కన్నా ఎక్కువే ఉండేవన్నమాట.

డేటాబేస్_బాబాయ్
పాత బ్యాకప్ ఫైల్ ఉంటే దాన్ని వేరే పేరుతో తెరిచి లింకుల జాబితా ఎక్సెల్‌లోకి దించుకోండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే ఏవి పోయాయో దొరుకుతాయి.

మూడో_ఛాప్టర్
ఉంది, 12వ తారీఖుది. ఈ రాత్రి అదే పని.

కొత్తగా_చేరా
నాది చిన్న డౌట్. కోడ్ కింద సబ్‌కోడ్ పెడతాం కదా, అదీ సంబంధమే కదా? మళ్ళీ లింకు ఎందుకు?

గళ్ళనోట్‌బుక్
మంచి డౌట్. చెట్టులా అమర్చినప్పుడు కిందది పైదానిలో ఒక రకం అయి ఉండాలి. 'భయం' కింద 'డాక్టరుని లేపే భయం', 'రోగి బంధువుల భయం' పెట్టొచ్చు. 'నిద్రలేమి' కింద 'పొరపాటు' పెడితే తప్పు, ఎందుకంటే పొరపాటు నిద్రలేమిలో రకం కాదు, దాని ఫలితం అని మీరు అనుకుంటున్నారు. అలా పెట్టేస్తే మీ వాదన చెట్టు కొమ్మల్లో దాక్కుంటుంది, ఎవరూ ప్రశ్నించలేరు. రకాలకి చెట్టు, వాదనలకి లింకు.

డేటాబేస్_బాబాయ్
దీని వెనక చరిత్ర కూడా ఉంది. ఎన్‌వివోకి ముందు తరం ప్రోగ్రాం, 1981లో మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో టామ్ రిచర్డ్స్, లిన్ రిచర్డ్స్ మొదలుపెట్టినది, చెట్టులాంటి సూచిక చుట్టూ కట్టింది. అట్లాస్ 1989లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టుగా మొదలైంది, దానికి నెట్‌వర్క్ గుండెకాయ. అందుకే ఇప్పటికీ రెండు సాఫ్ట్‌వేర్‌ల మనుషులు సంబంధం అనగానే వేరువేరు బొమ్మలు ఊహించుకుంటారు. ఇక్కడ గళ్ళనోట్‌బుక్, నోడ్_నుంచి_వచ్చా మాట్లాడుకుంటుంటే నాకు అదే కనిపిస్తోంది :)

పచ్చ_హైలైటర్
ఇంత కష్టం ఎందుకండీ? కో-అకరెన్స్ టేబుల్ ఉంది కదా. ఏ రెండు కోడ్‌లు ఎన్నిసార్లు ఒకే చోట పడ్డాయో సాఫ్ట్‌వేరే లెక్కపెట్టి ఇస్తుంది. పది దాటితే లింకు, లేకపోతే లేదు. గైడ్ అడిగితే అంకె చూపిస్తాం. నేను అలాగే చేశాను, వైవాలో ఇబ్బంది రాలేదు.

వినేవాడు
దీనికి గట్టిగా అడ్డు చెప్పాలి. ఆ పట్టిక రెండు మాటలు ఒకే చోట ఉన్నాయని చెబుతుంది, అంతే. ఎందుకు ఉన్నాయో చెప్పదు. మీరు కోడ్ చేసేటప్పుడు పేరా మొత్తం కలిపి హైలైట్ చేసే అలవాటు ఉంటే అంకె పెరుగుతుంది, వాక్యం వాక్యంగా చేస్తే తగ్గుతుంది. అంటే మీ చేతి అలవాటు కూడా ఆ అంకెలో ఉంది.

ఇంకా ముఖ్యమైనది, ప్రశ్న. "నిద్ర సరిగ్గా లేనప్పుడు మందులు ఇవ్వడంలో ఏమైనా ఇబ్బంది వచ్చిందా?" అని మీరే అడిగితే, జవాబులో ఆ రెండూ కలిసి వస్తాయి. రాకపోతే వింత. ఆ కలయిక వాళ్ళది కాదు, మీ ప్రశ్నాపత్రానిది.

పచ్చ_హైలైటర్
ప్రశ్న సంగతి నేను ఆలోచించలేదు. కానీ అంకె పూర్తిగా పనికిరాదంటే ఒప్పుకోను. 61 కోడ్‌లంటే జతలు 1830. అన్నీ చదివి చూసే ఓపిక ఎవరికుంది? ఎక్కడ తవ్వాలో అంకె చూపిస్తుంది.

వినేవాడు
తవ్వడానికైతే వాడండి. దొరికిందని చెప్పడానికి వద్దు.

మెమోలమనిషి
మ్యాక్స్‌క్యూడీఏ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రిలేషన్స్ బ్రౌజర్ అని ఒకటుంది. పేరులో రిలేషన్స్ అని ఉంది కాబట్టి కొత్తవాళ్ళు అది సంబంధాలు రాసుకునే చోటు అనుకుంటారు. అదీ కోడ్‌లు ఎక్కడెక్కడ కలిశాయో చూపించే పట్టికే. ఎన్‌వివోలో కాన్సెప్ట్ మ్యాప్ ఉంది, అందులో గీసే గీతలు ఉత్త డ్రాయింగ్. అక్కడ బాణం పెట్టినంత మాత్రాన ప్రాజెక్టులో రిలేషన్‌షిప్ తయారవదు. ఏ గీత డేటాలోకి వెళ్తుందో, ఏ గీత బొమ్మలోనే ఉండిపోతుందో ముందే తెలుసుకోవాలి.

ట్రాన్స్‌క్రిప్ట్_టైపిస్ట్
నేను ఇంటర్వ్యూలు విని టైపు చేస్తాను, ఈమధ్యే విశ్లేషణలో కూడా సాయం చేస్తున్నాను. మీరంతా కోడ్ నుంచి కోడ్‌కి లింకు గురించే మాట్లాడుతున్నారు. మాట నుంచి మాటకి లింకు గురించి ఎవరూ అనలేదు.

ఒకే మనిషి నాలుగో పేజీలో ఒకటి చెప్పి, పంతొమ్మిదో పేజీలో దాన్ని వెనక్కి తీసుకుంటారు. రికార్డర్ ఆపే ముందు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పే వాళ్ళు ఎంతమందో. కోడ్ చేసేటప్పుడు ఆ రెండు మాటలూ వేరువేరు కోడ్‌లలోకి వెళ్ళిపోతాయి, ఒకదాన్ని ఇంకోటి కాదందన్న సంగతి ఎక్కడా మిగలదు. అట్లాస్‌లో కోటేషన్ నుంచి కోటేషన్‌కి హైపర్‌లింక్ పెట్టొచ్చు. 'వివరిస్తుంది', 'సమర్థిస్తుంది', 'విరుద్ధం', 'కొనసాగింపు' లాంటి రకాలు ముందే ఉంటాయి. టైపు చేస్తుండగా నా చెవికి తగిలినవన్నీ నేను 'విరుద్ధం' అని కడతాను. ఒక ప్రాజెక్టులో మా సార్ ఆ లింకులు చూసుకుంటూ వెళ్ళి మొత్తం ఒక విభాగం తిరగరాశారు.

గళ్ళనోట్‌బుక్
ఈ త్రెడ్‌లో దాచుకోవాల్సిన పోస్ట్ ఇది. కోడ్‌ల మధ్య లింకు మన బుర్రలోంచి వస్తుంది, మాటల మధ్య లింకు డేటాలోంచి వస్తుంది. రెండోది ముందు చేస్తే మొదటిదానికి పునాది పడుతుంది.

నోడ్_నుంచి_వచ్చా
ఎన్‌వివోలో దీనికి సీ ఆల్సో లింకు వాడతాం. కానీ దానికి రకం పేరు ఉండదు, ఇక్కడి నుంచి అక్కడికి దూకడం వరకే. ఈ విషయంలో అట్లాస్ మెరుగు, ఒప్పుకోవాలి. మెమో లింకు అయితే మరీ ఇరుకు, ఒక డాక్యుమెంటుకి ఒకే మెమో, ఒక మెమోకి ఒకే డాక్యుమెంటు.

మరో విషయం, మనుషుల మధ్య సంబంధాలు కూడా మర్చిపోకండి. నా పనిలో ప్రతి మనిషీ ఒక కేస్. 'చూసుకునే కూతురు', 'దూరంగా ఉన్న అన్న' మధ్య 'డబ్బు పంపుతాడు', 'ఫోన్ చేస్తాడు', 'మాటల్లేవు' అని రిలేషన్‌షిప్‌లు పెట్టాను. మూడో_ఛాప్టర్ గారూ, మీ నర్సుల్లో ఒకే వార్డు వాళ్ళు, ఒకరి కింద ఒకరు పనిచేసే వాళ్ళు ఉంటే అలా పెట్టి చూడండి. ఎవరు ఎవరి గురించి జాగ్రత్తగా మాట్లాడుతున్నారో అర్థమవుతుంది.

మూడో_ఛాప్టర్
ఇద్దరు ఒకే వార్డు. ఒకరు ఇంకొకరికి ఇన్‌ఛార్జి. ఇప్పటిదాకా విడివిడిగానే చదివాను.

అక్షం
సంబంధం రకాలకి పేర్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలని ఆలోచిస్తుంటే, 1978లో సామాజిక శాస్త్రవేత్త గ్లేజర్ ఇచ్చిన ఆరు మాటలు ఇప్పటికీ బాగా పనికొస్తాయి: కారణం, సందర్భం, ఆధారపడే అంశం, పర్యవసానం, కలిసి మారడం, షరతు. స్ట్రాస్, కార్బిన్ 1990లో చెప్పిన యాక్సియల్ కోడింగ్‌లోనూ (కోడ్‌లని ఒకదానితో ఒకటి కలిపే దశ) షరతులు, చర్యలు, పర్యవసానాలు అనే చట్రమే. మీ డేటాకి నప్పే నాలుగైదు తీసుకోండి చాలు. నేను మొదట 19 రకాలు పెట్టుకుని, ప్రతి గీత దగ్గరా ఏది ఎంచుకోవాలో తెలియక ఆగిపోయేవాడిని.

'కారణం'కీ 'షరతు'కీ తేడా మాత్రం వదలకండి. నిద్రలేమి పొరపాటుకి కారణం కాకపోవచ్చు, పొరపాటు జరగడానికి వీలిచ్చే షరతు కావచ్చు. అసలు కారణం ఇంకెక్కడో ఉంటుంది.

డేటాబేస్_బాబాయ్
అట్లాస్‌లో 'కారణం' రకానికి ముందే ఒక గుణం పెట్టి ఉంటుంది: ఒకటి రెండోదానికి, రెండోది మూడోదానికి కారణమైతే, మొదటిది మూడోదానికీ కారణమన్నట్టే. తర్కంలో బాగుంటుంది. మనుషుల విషయంలో అలా కుదరదు. స్టాఫ్ తక్కువ కాబట్టి డబుల్ డ్యూటీ, డబుల్ డ్యూటీ వల్ల నిద్రలేమి, సరే. అంతమాత్రాన స్టాఫ్ తక్కువ ఉన్న ప్రతి నర్సుకీ నిద్రలేమి అని ఎవరు చెప్పారు? కొత్త రకం తయారు చేసేటప్పుడు ఆ గుణం ఎంచుకునే ముందు ఒక్క క్షణం ఆగండి.

రెండో_కోడర్
టీమ్‌గా చేసేవాళ్ళకి ఒక మాట. మేం ఇద్దరం ఒకే డేటా మీద విడివిడిగా లింకులు గీసి కలిపాం. ఏడు చోట్ల బాణాలు ఎదురెదురుగా వచ్చాయి. మొదట కూర్చుని ఒకటి చేసేద్దామనుకున్నాం. తర్వాత ఆపేశాం. ఆ ఏడు చోట్లా ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళే రెండు రకాలుగా చెప్పారు. మేం గొడవ పడ్డది మాలో మేం కాదు, వాళ్ళ గొడవనే మేం మోసుకొచ్చాం. ఇద్దరి పేర్లూ, ఇద్దరి తేదీలూ అలాగే ఉంచి, ఏడింటికీ ఒక మెమో రాశాం.

మెమోలమనిషి
"వాళ్ళ గొడవనే మేం మోసుకొచ్చాం". దీన్ని నా గోడ మీద అంటించుకుంటా.

పాతఫైలు
నా అనుభవం వేరే వాళ్ళకి రాకూడదని చెబుతున్నాను. మూడేళ్ళ పని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చాను, లైసెన్సు అయిపోవడంతో తప్పలేదు. కోడ్‌లు వచ్చాయి, కోడ్ చేసిన మాటలు వచ్చాయి, మెమోలు వచ్చాయి. సంబంధాలు ఒక్కటీ రాలేదు. ఎర్రర్ మెసేజ్ కూడా ఇవ్వలేదు. నెట్‌వర్క్ తెరిస్తే కోడ్‌లు చుక్కల్లా తేలుతున్నాయి, మధ్యలో ఖాళీ. ఏడుపు వచ్చింది. పాత కంప్యూటర్‌లో స్క్రీన్‌షాట్లు కొన్ని ఉంటే వాటిని చూస్తూ చేత్తో మళ్ళీ గీసుకున్నాను, నెల పట్టింది.

డేటాబేస్_బాబాయ్
ఇది చాలామందికి జరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌ల మధ్య మార్పిడికి రెఫీ-క్యూడీఏ అనే ఉమ్మడి ప్రమాణం 2019లో వచ్చింది. దాని ఫైలు నిజానికి ఒక జిప్, లోపల ప్రాజెక్టు వివరాలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి. ఆ ప్రమాణంలో లింకుకి చోటు ఉంది: మొదలు, గమ్యం, దిశ, పేరు. చోటు ఉందంటే ప్రతి సాఫ్ట్‌వేరూ దాన్ని నింపుతుందని కాదు, అవతలిది చదువుతుందనీ కాదు.

కాబట్టి మార్చే ముందు ఒక చిన్న నమూనా ప్రాజెక్టు చేయండి. రెండు కోడ్‌లు, ఒక డాక్యుమెంటు, ఒక లింకు, దానికో కామెంటు. అది అటు దాటించి చూడండి. కామెంటు కూడా దాటిందో లేదో చూడండి. పది నిమిషాల పని. అలాగే ఏ సాఫ్ట్‌వేర్ వాడినా లింకుల జాబితాని నెలకోసారి ఎక్సెల్‌లోకి తీసి పెట్టుకోండి. మొదలు, గమ్యం, రకం, కామెంటు, నాలుగు నిలువు వరుసలు. బొమ్మ పోయినా వాదన మిగులుతుంది.

కొత్తగా_చేరా
డబ్బు పెట్టి కొనలేని వాళ్ళం ఏం చేయాలి? క్వాల్‌కోడర్ వాడుతున్నాను.

డేటాబేస్_బాబాయ్
ఉచితం, ఓపెన్ సోర్స్, డేటా అంతా ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి బయటికి తీయడం సులువు. లింకుల జాబితా మాత్రం ఇప్పుడు చెప్పిన ఎక్సెల్ పద్ధతిలోనే పెట్టుకోండి. నిజానికి ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా నా అసలు జాబితా ఎక్సెల్‌లోనే ఉంటుంది.

మూడో_ఛాప్టర్
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. పాత బ్యాకప్‌లోంచి తెగిపోయిన 14 లింకులు దొరికాయి, డేటాబేస్_బాబాయ్ గారికి చాలా థాంక్స్.

ముందు మేడమ్ వేలు పెట్టిన బాణమే తీశాను. 'నిద్రలేమి', 'మందుల పొరపాటు' కలిసిన చోట్లు 11. ఒక్కొక్కటీ మళ్ళీ చదివాను, ఆడియో కూడా విన్నాను. మూడు చోట్ల నర్సులే సొంతంగా చెప్పారు. రెండు చోట్ల నా ప్రశ్నలోనే రెండు మాటలూ ఉన్నాయి, వినేవాడు గారు అన్నట్టే. నాలుగు చోట్ల పేరా మొత్తం హైలైట్ చేశాను కాబట్టి పక్కపక్కన పడ్డాయి, వాటికి ఒకదానితో ఒకటి పనే లేదు. మిగిలిన రెండు చోట్ల ఇద్దరు కాదని చెప్పారు. ఏడో ఇంటర్వ్యూ ఆవిడ మాట ఇక్కడ రాస్తాను, ఇలా వాడుకోవడానికి ఆవిడ అనుమతి ఉంది:

"నిద్ర లేక కాదండీ. నిద్ర లేకపోవడం మాకు అలవాటే. చీటీ మీద అంకె సరిగ్గా కనిపించలేదు. అడగాలంటే రాత్రి మూడింటికి డాక్టరుని లేపాలి. ఫోను చేతిలోకి తీసుకున్నా, మళ్ళీ పెట్టేశా."

దీన్ని నేను 'నిద్రలేమి', 'మందుల పొరపాటు' రెండింటికీ కోడ్ చేశాను. ఆవిడ మొదటి వాక్యంలోనే "కాదండీ" అంది. నేను గీసిన బాణం ఆ "కాదండీ" మీద నుంచే వెళ్ళింది.

వినేవాడు
ఫోను తీసుకుని మళ్ళీ పెట్టేయడం. ఆ ఒక్క కదలికలోనే మీ అధ్యాయం ఉంది.

అక్షం
'అడగడానికి వెనకాడటం' అని కొత్త కోడ్ పెట్టారా?

మూడో_ఛాప్టర్
పెట్టాను. పెట్టాక మిగతా ఇంటర్వ్యూలు మళ్ళీ తిరగేస్తే తొమ్మిది మంది దగ్గర దొరికింది. అంతకు ముందు అవన్నీ 'హోదా తేడా' అనే కోడ్‌లో ఉండేవి. ఇప్పుడు 'నిద్రలేమి' నుంచి 'పొరపాటు'కి ఉన్న గీత రకం మార్చి 'షరతు, వాళ్ళ మాట' అని పెట్టి, కామెంట్‌లో మూడు కోటేషన్ల నంబర్లు రాశాను. 'అడగడానికి వెనకాడటం' నుంచి కొత్త బాణం 'కారణం, వాళ్ళ మాట'. ఏడో ఇంటర్వ్యూ మాట నుంచి ఆ ముగ్గురిలో ఒకావిడ మాటకి 'విరుద్ధం' అని హైపర్‌లింక్ కట్టాను, ట్రాన్స్‌క్రిప్ట్_టైపిస్ట్ గారు చెప్పినట్టు. ఆ ఇద్దరిదీ ఒకే వార్డు. ఒకరు ఇన్‌ఛార్జి. ఇన్‌ఛార్జి నిద్ర అంటోంది, కింద పనిచేసే ఆవిడ భయం అంటోంది.

నోడ్_నుంచి_వచ్చా
అబ్బ! కేస్‌ల మధ్య సంబంధం పెట్టమన్నది ఇందుకే.

ట్రాన్స్‌క్రిప్ట్_టైపిస్ట్
ఆ ఇన్‌ఛార్జి ఇంటర్వ్యూ చివరి ఐదు నిమిషాలు ఇంకోసారి వినండి. మాటల కన్నా ఆగిన చోట్లు చూడండి.

పచ్చ_హైలైటర్
11 అంకె చూసి నేనైతే లింకు ఖాయం చేసేవాడిని. నా థీసిస్‌లో అలా ఖాయం చేసినవి ఆరు ఉన్నాయి. పేపర్‌గా పంపే ముందు వాటిని తెరిచి చూస్తాను.

కొత్తగా_చేరా
మెథడాలజీ అధ్యాయంలో దీని గురించి ఎంత రాయాలి?

గళ్ళనోట్‌బుక్
రెండు పేరాలు చాలు, కానీ అందులో నిజం ఉండాలి. ఏయే రకాల సంబంధాలు వాడాను, ఒక్కో రకానికి నా నిర్వచనం ఏమిటి, లింకు నిలవాలంటే కనీసం ఏ ఆధారం కావాలనుకున్నాను, ఎన్ని గీసి ఎన్ని తీసేశాను. తీసేసిన వాటిలో ఒకదాన్ని ఉదాహరణగా చూపించండి. మూడో_ఛాప్టర్ గారికి ఇప్పుడు అలాంటిది చేతిలోనే ఉంది. నెట్‌వర్క్ బొమ్మ మొత్తం అతికించొద్దు, 61 కోడ్‌ల బొమ్మని ఎవరూ చదవలేరు. ఒక బాణం, దాని కింద దాని మాటలు. అది చాలు.

మూడో_ఛాప్టర్
ఇప్పటికి 52 లింకులు చూశాను. 19 ఆధారంతో నిలిచాయి, 21 తీసేశాను, 12 దగ్గర ప్రశ్న గుర్తు పెట్టాను. తీసేసినవి ఎక్సెల్‌లో వేరే షీట్‌లో ఉన్నాయి, ఎందుకు తీశానో పక్కన రాసి. మేడమ్‌కి ఇవాళ చూపిస్తే ఆవిడ ఇన్‌ఛార్జి దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఇంకో ఇంటర్వ్యూ అడగమన్నారు. నైతిక కమిటీ అనుమతిలో రెండోసారి కలవచ్చని ఉంది. గురువారం వెళ్తున్నాను. ఈసారి ప్రశ్నల్లో 'నిద్ర' అనే మాట నేను ఎత్తను.